పోయినదాని పేరు

ఆఫీసులో ఆమెను వెనకాల అందరూ ‘అత్తగారు’ అనేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. పదిహేనేళ్ళుగా యూనిక్స్ సర్వర్లకు కాపలా కాస్తూ, మనుషులకంటే వాటితోనే ఎక్కువ మాట్లాడిన మనిషి. అందుకే మనుషులకు కూడా రెండు ముక్కల్లో ఆర్డరు వేసి ఊరుకునేది. నోరు చేదే గానీ పనిలో మాత్రం నిప్పు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె తిట్టుకుంటూనే ఆఫీసులో అడుగుపెట్టింది. ఎనిమిదేళ్ళ కూతురికి ముందు పన్ను ఊడటానికి సిద్ధంగా ఉంది. తండ్రిని దగ్గరికి కూడా రానివ్వదు. “నువ్వే తియ్యాలి, నువ్వైతేనే నొప్పి పుట్టదు” అని పొద్దున్నే చున్నీ పట్టుకుని భీష్మించుకు కూర్చుంది. “సాయంత్రం నేనే తీస్తాగా. ఈలోపు నాలుకతో కెలక్కు” అని మాటిచ్చి బయల్దేరింది తల్లి. ఇప్పటికే ఆ పిల్లకిచ్చిన మాటలు చాలా తప్పింది. ఇంకోటి తప్పితే పిల్ల తనను అడగటమే మానేస్తుందని ఆమె భయం.

వాడేవాళ్ళు లేని రోజు చూసి చెయ్యాల్సిన పని అది. కంపెనీ మొత్తాన్ని మోసే రెండు పెద్ద సర్వర్లకు కొత్త వెర్షన్ ఎక్కించాలి. కుర్రాళ్ళు వాటికి అక్క, చెల్లి అని పేర్లు పెట్టారు. పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో ఒక సన్నటి తీగ. పని చేసేది అక్క. చెల్లి ఊరికే కూర్చుని, క్షణానికోసారి ఆ తీగ మీద ‘ఉన్నావా?’ అని అడుగుతుంది. ‘ఉన్నాను’ అంటుంది అక్క. జవాబు రాలేదంటే అక్క పోయినట్టే లెక్క. అప్పుడు చెల్లి అక్క పేరు పెట్టుకుని, అక్క చిరునామాలో కూర్చుని, అక్క వదిలేసిన చోటి నుంచే పని అందుకుంటుంది. వాడేవాళ్ళకు తేడా తెలియదు.

ఒక్కటే చిక్కు. అక్క నిజంగా పోకుండా ఊరికే పలక్కపోతే? ఇద్దరూ ఒకే డిస్కు మీద రాయడం మొదలెడితే కొంప మునుగుతుంది. అందుకని చెల్లి ముందు అక్కకు కరెంటు తీసేసి, ఆ తర్వాతే కుర్చీ ఎక్కుతుంది. కరెంటు తీయడం కుదరకపోతే మనిషిని అడుగుతుంది... ‘మీ కళ్ళతో చూసి, పోయినదాని పేరు రాయండి’ అని. చూడకుండా ఆ పేరు రాస్తే చేతులు విరగ్గొడతానని కొత్తగా చేరిన ప్రతివాణ్ణీ ఆమే బెదిరించేది.

సర్వర్ల గదికి కిటికీలుండవు. బయట ఎండ మండిపోతున్నా లోపల ఎముకలు కొరికే చలి, ఫ్యాన్ల హోరు, కాలిన దుమ్ము వాసన. సెల్‌ఫోన్లు లోపలికి తేకూడదు. ఆమె ఫోను, బ్యాగు బయట లాకర్లో ఉన్నాయి. కరెంటు ఆదా కోసం పెట్టిన దీపాలు మనిషి కదిలితే వెలుగుతాయి, ఎవరూ లేకపోతే వాటంతటవే ఆరిపోతాయి.

చెల్లికి కొత్త వెర్షన్ చక్కగా ఎక్కింది. అక్కే మొండికేసింది. ఆపి మళ్ళీ లేపితే లేవలేదు, పిలిస్తే పలకలేదు. సరిగ్గా అప్పుడే బల్ల మీది ఆఫీసు ఫోను మోగింది. మేనేజరు.

“ఏమ్మా, ఇంకా ఎంతసేపు? పైవాళ్ళు నా ప్రాణాలు తోడేస్తున్నారు.”

“అక్క లేవట్లేదు సార్. చూస్తున్నా.”

“చూస్తూనే ఉంటావా పొద్దుపోయేదాకా? చెల్లిని ఎక్కించెయ్.”

“ఇక్కణ్ణించి కరెంటు తీయడం కుదరట్లేదు. వెళ్ళి వైర్లు పీకి, చూసి...”

“అబ్బా! చచ్చినదాన్ని మళ్ళీ చూసేదేంటమ్మా? పేరు కొట్టి పారెయ్. నీకంటే ఆ కుర్రాళ్ళు నయం.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కళ్ళతో చూడాల్సిన పని చూడకుండానే కీబోర్డు ముందుకు లాక్కుంది. తెర మీద ప్రశ్న వెలుగుతోంది. పోయినదాని పేరు?

తెర పేరు అడిగితే ఆ వేళ్ళకు తెలిసిన జవాబు ఒక్కటే. పదిహేనేళ్ళుగా రోజుకు పాతికసార్లు కొట్టిన జవాబు. మనసు మేనేజరును తిడుతుంటే వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. ఎంటర్ కూడా నొక్కేశాయి. అప్పుడు చూసింది. అక్క పేరు ఉండాల్సిన చోట ఆమె లాగిన్ పేరు ఉంది.

‘నీ బుర్ర తగలెయ్య’ అని తనను తానే తిట్టుకుంది. ఆ పేరుతో సర్వరేదీ లేదని తెర తిరగ్గొడుతుంది, మళ్ళీ సరిగ్గా కొడితే సరి, అనుకుంది. తెర తిరగ్గొట్టలేదు. కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, ఒక వరస చూపించింది.

ధ్రువీకరణ అందింది. బాధ్యతలు బదిలీ అవుతున్నాయి.

“సార్, ఒక్క నిమిషం...” అంది.

“ఆఁ, చెప్పమ్మా” అన్నాడు మేనేజరు. ఆ గొంతులో చిరాకు పోయింది. “అయిపోయిందా? శభాష్! ... అవునవును, నేను కూడా కాస్త నోరు జారాను, ఏమనుకోకు... సరే సరే, పాపకి పన్ను తీయాలా? అయితే బయల్దేరు ముందు.”

“సార్! నేనేమీ అనలేదు సార్! ఎవరితో మాట్లాడుతున్నారు?”

“ఉంటానమ్మా.”

ఫోను పెట్టేశాడు. పాప పన్ను సంగతి ఆమె ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

గబగబా లాగిన్ అవ్వబోయింది. పాస్‌వర్డ్ తప్పంది తెర. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పంది. పర్యవేక్షణ తెర వైపు తిరిగింది. అక్కడ ఒకే ఒక్క మనిషి పని చేస్తున్నట్టు చూపిస్తోంది. ఆమె పేరే. వరసలు వాటంతటవే పడుతున్నాయి. అక్క లేచింది. కొత్త వెర్షన్ ఎక్కింది. ఆమె ఏ వరస తర్వాత ఏ వరస కొడుతుందో, ఎక్కడ తప్పు కొట్టి చెరుపుకుంటుందో, అన్నీ అలాగే. చూస్తుండగానే ఆ మనిషి పని ముగించి తెర వదిలి వెళ్ళిపోయింది.

అప్పుడు దీపాలు ఆరిపోయాయి.

చెయ్యి ఊపింది. వెలగలేదు. రెండు చేతులూ ఎత్తి ఊపింది. గెంతింది. చీకట్లో సర్వర్ల మీది పచ్చచుక్కలు తప్ప ఏమీ లేవు. కాలిన వాసన ఎక్కువైంది. ఆ హోరులో ఎక్కడో ఒక ఫ్యాను ఆగింది... పక్కది ఆగింది... ఆ ఆగడం వరసగా తన వైపే వస్తోంది. ఆమెకు భయం వేసింది. జీవితంలో మొదటిసారి ఆ గదిలో భయం వేసింది.

తడుముకుంటూ తలుపు దగ్గరికి పరిగెత్తి కార్డు పెట్టింది. ఎర్రలైటు. మళ్ళీ పెట్టింది. ఎర్రలైటు.

“ఎవరైనా ఉన్నారా... తలుపు తియ్యండి!”

రెండు చేతులతో బాదింది. ఎంతసేపటికో బయట తాళాలు గలగలలాడాయి. తలుపు జానెడు తెరిచి, టార్చి ముందు పెట్టి, సెక్యూరిటీ పెద్దాయన తొంగిచూశాడు. రోజూ లేచి నిలబడి నమస్కారం పెట్టే మనిషి. ఇవాళ పెట్టలేదు.

“ఎవరది?”

“నేనే పెద్దాయనా. కార్డు పనిచెయ్యట్లేదు.”

“మేడం ఇందాకే వెళ్ళిపోయారు” అన్నాడాయన నెమ్మదిగా. “నాతో మాట్లాడే వెళ్ళారు. బండి కూడా నేనే తీసిచ్చాను.”

ఆయన టార్చి మెల్లగా కిందికి దించి ఆమె పాదాల మీద వేశాడు. చాలాసేపు అక్కడే ఉంచాడు. తర్వాత గోడకు అంటుకుపోయి దారిచ్చాడు.

లాకరు తెరిచి ఉంది. ఫోను లేదు, బ్యాగు లేదు, బండి తాళాలు లేవు. సెక్యూరిటీ బల్ల మీది ఫోను లాక్కుని తన నంబరుకే చేసింది. రెండు రింగులకే ఎత్తారు.

“హలో?” కూతురు.

“కన్నా! నేను, అమ్మని...”

 పిల్ల గుసగుసగా అంది, “అమ్మ ఇక్కడే ఉంది. నా పన్ను తీసేసింది. అస్సలు నొప్పి పుట్టలేదు.”

“కన్నా, నా మాట విను. నాన్నని పిలువు. దాని దగ్గరికి వెళ్ళకు...”

“ఎవరే ఫోన్లో?” దూరంగా ఒక గొంతు. ఆమె గొంతే. తనెప్పుడూ పిల్లతో మాట్లాడనంత నెమ్మదిగా ఉంది.

“తెలీదమ్మా. నీలాగే మాట్లాడుతోంది.”

ఫోను చేతులు మారిన చప్పుడు. ఊపిరి. తర్వాత ఆ గొంతు, ఆమె చెవిలోనే నోరు పెట్టినట్టు...

“నువ్వు ఇంకా ఆగలేదా?”

ఇంటిదాకా పరిగెత్తింది. చేతిలో చిల్లిగవ్వ లేదు. ఆటోలు ఆపితే ఆగలేదు, ఖాళీవి కూడా. ఎదురొచ్చినవాళ్ళెవరూ పక్కకు తప్పుకోలేదు, ఆమే తప్పుకోవాల్సి వచ్చింది. ఒకాయన భుజం తగిలితే తుళ్ళిపడి వెనక్కి చూశాడు, ఆమె ఉన్న చోటే చూశాడు, చొక్కా దులుపుకుని పోయాడు. కాళ్ళు బరువెక్కుతున్నాయి. ఏదో ఒక్కొక్కటిగా తీసేస్తున్నట్టు ముందు వేళ్ళు మొద్దుబారాయి, తర్వాత మోచేతులు. పిల్ల దాని ఒళ్ళో కూర్చుని ఉంటుందన్న ఒక్క ఆలోచనే ఆమెను నడిపించింది.

మెట్లెక్కేసరికి ఇంకా ఎండ పూర్తిగా పోలేదు. తలుపు కింద సందులోంచి వెలుతురు. లోపల కుక్కరు కూత, టీవీ, పిల్ల నవ్వు. అంత గట్టిగా పిల్ల నవ్వగా ఆమె విని చాలా రోజులైంది.

తలుపు కొట్టింది.

టీవీ ఆగిపోయింది. నవ్వు ఆగిపోయింది.

“కన్నా... తలుపు తియ్యి. అమ్మనే.”

లోపల అడుగులు దగ్గరికొచ్చి ఆగాయి. భర్త గొంతు. భయమేమీ లేదు అందులో, విసుగు మాత్రమే ఉంది.

“చప్పుడు చెయ్యకు, ఇలా రా. కాసేపు కొట్టి అదే పోతుంది.”

తలుపు కింది వెలుతురులో రెండు చిన్న పాదాల నీడ పడింది. అక్కడే నిలబడి పిల్ల గుసగుసలాడింది.

“అవును గానీ నాన్నా, ఇవాళేంటి అది ఇంత తొందరగా వచ్చింది?”