పైపులబ్బాయికి తెలియని ప్రశ్న

“భూమిని మింగేసే మిషను మీ దగ్గరే ఉందట కదా?”

పరిశోధన కేంద్రం కౌంటరులో కూర్చున్న అతను తలెత్తి చూశాడు. ఎదురుగా గొడుగు, గొడుగు కింద కోపం. మెళ్లో కొలతల టేపు తియ్యడం కూడా మరిచిపోయి, కుట్టుషాపు నుంచి వానలో నేరుగా వచ్చేసిందామె.

“మింగదండీ. సొరంగంలో కంటికి ఆనని కణాల్ని ఢీకొట్టిస్తుంది, అంతే. కూర్చోండి.”

“కూర్చోడానికి రాలేదు. గురువారం దాన్ని ఫుల్ పవర్‌లో నడుపుతారట. బ్లాక్ హోల్ పుట్టి అందర్నీ లాగేసుకుంటుందని ఎవడో వీడియో పెట్టాడు. అది చూసి మా అమ్మమ్మ కంటి ఆపరేషన్ వద్దంటోంది. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన తేదీ కూడా గురువారమే! ఇంకా ఆలస్యమైతే ఆ కాస్త చూపూ పోతుందన్నాడు డాక్టరు. ప్రమాదం లేదని రాసివ్వండి.”

“నేను సైంటిస్టుని కాదండీ. సొరంగంలో పైపులకి లీకులు వెతికేవాణ్ణి. ఈ వారం ఇక్కడ డ్యూటీ వేశారు. కానీ ఒకటి చెప్పగలను. అంతరిక్షం నుంచి వచ్చే ఇలాంటి కణాల వల్ల ఇంతకంటే గట్టి దెబ్బలు భూమికి రోజూ తగులుతూనే ఉన్నాయి. ఏమీ కాలేదుగా?”

ఆమె వెళ్లబోయి ఆగింది. “పైనుంచి వచ్చేవి వేగం మీద ఉంటాయి. వాటివల్ల ఏదైనా పుట్టినా దూసుకుపోతుంది. మీ దగ్గర ఎదురెదురుగా గుద్దుకుంటాయి కదా, పుట్టింది కదలకుండా ఇక్కడే ఉండిపోతే?”

అతను కౌంటరు మీది కాగితం లాక్కుని ఆ ప్రశ్న రాసుకున్నాడు.

“తెలీదండీ. కనుక్కుని రేపు మీ షాపుకొచ్చి చెప్తాను.”

పోట్లాడదామని వచ్చిన ఆమెకి ఆ ‘తెలీదు’తో సగం కోపం చల్లారిపోయింది.

మర్నాడు సాయంత్రం అతను నిలువునా తడిసి షాపుకొచ్చాడు. అమ్మమ్మ ఓ మూల కూర్చుని, గుండీలను చేత్తో తడిమి వేరుచేస్తోంది.

“కొన్ని చచ్చిన నక్షత్రాలున్నాయటండీ, మహా చిక్కగా ఉంటాయట. వాటికీ రోజూ ఆ దెబ్బలే తగులుతాయట. అక్కడ బ్లాక్ హోల్ లాంటిది పుడితే బయటికి పోలేదు, లోపలే చిక్కుకుంటుంది. అయినా అవి కోట్ల ఏళ్లుగా చెక్కుచెదరలేదు. మా సైంటిస్టు ఒకాయన రెండు గంటలు నా బుర్ర తిని మరీ చెప్పారు!”

ఆమె కళ్లు మెరిశాయి. “మరి చచ్చిపోయిన నక్షత్రాలు కనబడతాయా?”

“అది రేపు కనుక్కుంటాను.”

“రోజూ రావడానికి వంక దొరికిందన్నమాట,” అంది అమ్మమ్మ. అతని చెవులు ఎర్రబడ్డాయి. మనవరాలు కుట్టుమిషను మీదికి వంగిపోయింది.

అంతలోనే అమ్మమ్మ గొంతు తగ్గింది. “నువ్వు చెప్పింది నిజమే కావచ్చు బాబూ. కానీ కంటికి కట్టు కట్టాక ఏమన్నా అయితే? చిన్నప్పటి నుంచీ పెంచిన పిల్ల మొహం చూడకుండా పోవాలా?”

అతను స్టూలు లాక్కుని అమ్మమ్మ పక్కన కూర్చున్నాడు.

“గురువారం నేను మీ పక్కనే ఉంటాను అమ్మమ్మగారూ.”

“మీ మిషను మొదలయ్యేది ఆ రోజేగా!” మనవరాలు కంగారుగా లేచింది. “మీరక్కడ ఉండొద్దూ?”

“రెండేళ్లుగా ఆ రోజు కోసమే చూస్తున్నాను. అయినా పర్లేదు. డ్యూటీ మార్చుకుంటాను. నా పైపుల మీద నాకు నమ్మకముంది.”

అమ్మమ్మ గుండీలన్నీ డబ్బాలో పోసి మూత పెట్టింది. “సరే, ఈ పైపులబ్బాయి వస్తే నేనూ వస్తాను,” అంది చివరికి.

గురువారం పొద్దున అమ్మమ్మని లోపలికి తీసుకెళ్లారు. బయట బెంచీ మీద ఇద్దరూ మిగిలారు. పదిన్నరకి అతని ఫోన్ మోగింది. మెసేజ్ చూసి ఊపిరి వదిలాడు.

“నడిచింది. అంతా బాగుంది.”

“ఏం దొరికింది?”

“అది తెలియడానికి ఏళ్లు పడుతుందండీ.”

“అన్నేళ్లూ నాకెవరు చెప్తారు?”

అతను ఫోన్ జేబులో పెట్టేశాడు. “నేనే చెప్తాను. కానీ కౌంటర్లోంచి కాదు. మీ ఇంట్లో మనిషిగా చెప్పాలనుంది. మీకు ఇష్టమైతేనే.”

ఆమె అతని వైపు తిరిగింది. “మీకు తెలీనివి తెలీదనే చెప్తారుగా?”

“అవే ఎక్కువండీ.”

ఆమె నవ్వి అతని చెయ్యి పట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. ఒక కంటికి కట్టుతో, నర్సు భుజం పట్టుకుని అమ్మమ్మ వచ్చింది. మనవరాలు గబుక్కున లేచి చెయ్యి విడిపించుకోబోయింది.

“వదలకే,” అంది అమ్మమ్మ, రెండో కన్ను చికిలించి. “నన్ను నర్సమ్మ పట్టుకుందిలే.”