జవాబు అక్కర్లేని కామెంట్లు

“రోజుకి ఎన్ని గంటలు స్క్రీన్ చూస్తారండీ?”

కళ్ళద్దాల షాపు అక్కది. కళ్ళు పరీక్షించే పని తమ్ముడిది. గడ్డం మిషను మీద ఆనించి కూర్చున్న అమ్మాయి నిట్టూర్చింది.

“చెప్పాలంటే నాకే భయం. ‘కిటికీ సీటు’ అని బ్లాగు రాస్తుంటాను.”

అతని చేతిలోంచి లెన్సు జారి ఒళ్ళో పడింది. రెండేళ్ళుగా పళ్ళయినా తోముకోకుండా రోజూ చదివే బ్లాగది. బస్సులో కనబడిన మనిషి గురించి ఆమె నాలుగు మాటలు రాస్తే, ఆ మనిషి వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. ఆ రాతంటే అతనికి ప్రాణం.

చెప్పేద్దామని నోరు తెరిచేలోపు ఆమే అందుకుంది.

“అసలు రాయాల్సింది నవలండీ. పదకొండో అధ్యాయం దగ్గర మొరాయించింది. ఆఫీసుకెళ్ళే ముందు దొరికేది గంటన్నర, అది కాస్తా బ్లాగుకే సరి. పైగా ‘చివరి బెంచీ’ అని ఒకాయన గజం పొడుగు కామెంటు పెడతాడు. అంత శ్రద్ధగా చదివిన మనిషికి ముక్తసరిగా జవాబివ్వడానికి మనసొప్పదు.”

ఎదురుగా కూర్చున్న ఆ చివరి బెంచీ, ఒళ్ళో పడ్డ లెన్సు తీసి తుడవసాగాడు.

“కింది వరుస చదవండి,” అన్నాడు ఎలాగో.

ఆ రోజు నుంచి కామెంట్లు మానేశాడు. తన మెచ్చుకోలు ఆమె నవలకు అడ్డుపడితే ఇక అదెందుకు? కానీ చదివాక చెయ్యి ఊరుకోదు కదా. లెన్సులొచ్చే కాగితం కవర్ల మీద రాసి డ్రాయర్లో పడేసేవాడు.

నెల తర్వాత, వదులైన అద్దాలు బిగించమని ఆమె మళ్ళీ వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది.

“నవల నడుస్తోందా?” అడిగాడు ఆశగా.

“ఒక్క పేజీ కదల్లేదు. ఆ చివరి బెంచీ ఆయన పత్తా లేడు. ఏం తప్పు రాశానో అని పాత పోస్టులన్నీ తిరగేస్తున్నాను. బ్లాగు మూసేద్దామనుకుంటున్నా.”

తానొకటి తలిస్తే జరిగింది మరొకటి. అతను తలెత్తకుండా బిగిసిన స్క్రూనే మళ్ళీ బిగిస్తున్నాడు.

“ఆ కవర్లు నువ్విస్తావా, నన్నిమ్మంటావా?” అంది అక్క కౌంటర్ దగ్గర్నుంచి.

ఇరవై ఆరు కవర్లు. ఆమె అద్దాలు పెట్టుకుని నిలబడే చదివింది. ఒక కవరు దగ్గర ఆగిపోయింది. ‘గొడుగు మరిచిపోయిన పెద్దాయనని మూడు వాక్యాల్లో వదిలేశారు. ఆయన నవల్లో ఉండాల్సిన మనిషి. నాకు జవాబు రాయకండి, ఆయన్ని రాయండి.’

“పదకొండో అధ్యాయానికి కావలసింది ఈయనే,” అంది మెల్లగా. కళ్ళు చెమర్చాయి.

కవర్లన్నీ సర్దుకుంటూ చెప్పింది. “ఇకనుంచి వారానికి ఒకటే పోస్టు. మిగతా పొద్దులన్నీ నవలకి. కామెంట్లు మాత్రం ఆదివారం బస్సులో, నోటితోనే చెప్పాలి.”

“ఆదివారం షాపు సెలవే,” అంది అక్క, ఎవరూ అడక్కుండానే.

అతను గొంతు సవరించుకున్నాడు. “ఒక్క మాటండీ. నాకిష్టం మీ రాత ఒక్కటే కాదు.”

“తెలుసు. చివరి కవరు మీద రాసి కొట్టేశారుగా,” నవ్వింది ఆమె. “అద్దాలు బాగా కుదిరాయి. కొట్టేసింది కూడా కనబడుతోంది.”