నిండితేనే కదిలే ఆటో

ఆ స్టేషన్‌లో రైలు ఆగుతుంది గాని బయట బస్సు ఆగదు. ప్లాట్‌ఫాం దాటితే ఎర్రమట్టి బాట, టేకు చెట్లు, ఆపైన వాగు. ఊళ్లన్నీ వాగుకు అవతలే. దిగినవాళ్లకు దిక్కు షేర్ ఆటోలు. అవి సీట్లన్నీ నిండితేనే కదులుతాయి. వానైనా, పురిటినొప్పులైనా అంతే.

నాగలక్ష్మి దిగేసరికి ముసురులో పొద్దుగూకుతోంది. ఖమ్మంలో తప్ప దొరకని ఫిట్స్ మందు చేతిసంచిలో ఉంది. కూతురు లిఖితకు పొద్దుటితో మందు అయిపోయింది. ఈ పూట తప్పితే మళ్లీ ఫిట్స్ వస్తాయని డాక్టర్ హెచ్చరించాడు. తమ్ముడు సతీష్ బండి తెస్తానన్నాడు. "స్టేషన్ కాడనే ఉంట అక్కా, నువ్వు రంది వడకు" అని మధ్యాహ్నం ఫోన్‌లో మాటిచ్చాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

బయట ఒక్కటే ఆటో ఉంది. లైటు లేదు. లోపల జనం ఇరుక్కుని కూర్చున్నారు, ఎవరూ మాట్లాడటం లేదు. బురదనీటి వాసన, కుళ్లిన ఆకుల వాసన. వెనక సీటు అంచున సతీష్.

"ఆటోల కూసున్నవేందిరా? నీ బండేది? నీ పెండ్లాం చేస్తే ఒక్క రింగుకే ఎత్తుతవ్, నేను చేస్తే ఎత్తవు."

ఎప్పుడూ ఈ మాటకు నవ్వేవాడు. ఇప్పుడు ఆమె ముఖంలోకి కూడా చూడలేదు.

"నా జాగల కూసో అక్కా," అని గొణిగాడు.

"మరి నువ్వు?"

"నడిసొస్త. పిల్లకు మందు జల్దీ అందాలె గదా. ఎక్కు."

ఆ మాట విన్నాక ఆమె ఇంకేమీ అడగలేదు. అతను దిగాడు. ఆమె ఎక్కింది. సీటు తడిసి ముద్దగా ఉంది. పక్కనున్న ముసలామె మోకాలు తగిలింది... రాయిలా చల్లగా.

"సంచి ఇటియ్యి. సర్దుకొని కూసో," అంటూ సతీష్ అందుకున్నాడు.

"నిండింది," అన్నాడు డ్రైవర్, వెనక్కి తిరగకుండా.

ఆటో కదిలింది. ఇంజన్ చప్పుడు లేదు.

"సంచి... సంచి ఇయ్యిరా."

సతీష్ స్టేషన్ మెట్ల దగ్గరే నిలబడ్డాడు, సంచిని రొమ్ముకు అదుముకుని. ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

"ఆపన్నా. జెర ఆపు..."

ఆటో ఆగలేదు, వాగు వైపే సాగింది. పాదాలకు నీళ్లు తగిలాయి. చీలమండల దాకా వచ్చాయి.

ఫోన్ మోగింది. తల్లి ఆదెమ్మ. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"బిడ్డా, యాడున్నవ్? నిన్ను తోలుకొస్తనని బయలెల్లి సతీష్ బండితోని వాగుల కొట్టుకపోయిండు. బయటికి తీస్తే ఊపిరి లేదు. సచ్చిండనే అనుకున్నం. ఇప్పుడే కండ్లు తెరిసిండు."

నీళ్లు మోకాళ్లు దాటాయి.

"అక్క ఎక్కిందా, అక్క ఎక్కిందా... అని ఒక్కతీరుగ అడుగుతుండు. ఏందది?" ఆదెమ్మ గొంతు తగ్గింది. "వాని చేతిల మన పిల్ల మందుల సంచి ఉంది. గట్టిగ పట్టుకున్నడు, ఇడుస్తలేడు. మనిషంత తడిసిండు గని సంచి పొడిగుంది. వానికి నువ్వెప్పుడిచ్చినవ్ బిడ్డా?"