ఎల్ల చూపించిన కాహిర్

కాస్త దగ్గరికి జరగండి నాయనలారా. తప్పుడు ప్రమాణాన్ని దేవుడు క్షమిస్తాడేమో, ఆయన దయ పెద్దది. నేలకి అంత దయ లేదు.

విక్లో కొండల్ని కౌంటీగా, అంటే ఒక జిల్లాగా, చేస్తున్న ఏడాది అది. ఐర్లండ్ మొత్తంలో ఆఖరున గీసిన కౌంటీ మనదే. రాజుగారి కొలతగాడు నేల కొలిచే గొలుసు పట్టుకుని వచ్చాడు. ఎల్ల ఎక్కడో ఊరివాళ్లే చూపించి, గుడిలోని పునీతుడి గంట మీద చెయ్యేసి ప్రమాణం చెయ్యాలి.

తెలియనిదెవరికి? పూర్వం మన రాజు పోతే, శత్రువులుండే కిల్డేర్ వైపు మొహం పెట్టి, కత్తితో సహా నిలువునా పాతారు. ఆ దిబ్బే ఎల్ల. కానీ అక్కడ గీస్తే, ఎల్ల చూపించే పని పడ్డ కాహిర్ పచ్చికబీడు పక్క కౌంటీ కిల్డేర్‌లో పడుతుంది. అక్కడి దొర లాక్కుంటాడు. ఇక కాహిర్ ఏడు ఆవులూ చలికాలం దాటవు.

అందుకని కాహిర్ బీడుకి అవతల, కిల్డేర్ వైపున్న ఒట్టి మట్టికుప్పను చూపించాడు. "ఇదేనండీ రాజు దిబ్బ" అని గంట మీద చెయ్యేశాడు.

ముసలి దూన్లాంగ్ చెవిలో గొణిగాడు. "ఒరేయ్, అందులో ఎవడూ లేడు కదరా!"

"నువ్వు నోరు మూసుకుంటే ఉన్నట్టే, తాతా."

కొలతగాడు అక్కడే గుంజ పాతించాడు. మధ్యాహ్నానికి అందరూ వెళ్లిపోయారు. కాహిర్ కుప్పెక్కి, దక్కిన బీడుని కళ్లారా చూసుకున్నాడు.

అప్పుడు దిగింది పొగమంచు. తడిమట్టి వాసన. ఆవుల మెడగంటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఇంటి వైపు నడిచాడు. కుప్ప దగ్గరే తేలాడు. వాగు చప్పుడు పట్టుకుని నడిచాడు. మళ్లీ కుప్పే. మూడోసారి పరుగెత్తాడు... కాళ్లు ఆడుతున్నట్టే ఉంది. కిందికి చూస్తే, మోకాళ్ల దాకా మట్టి.

"ప్రభువా... తప్పయిపోయింది..."

నడుం దాకా. రొమ్ము దాకా. మట్టి చల్లగా లేదు. మనిషి ఒంటిలా వెచ్చగా ఉంది. మట్టిలోంచి రెండు చేతులు అతని మొహాన్ని మెల్లగా కిల్డేర్ వైపు తిప్పాయి...

మంచు విడిపోయింది. భార్య రోష్ బీడుకి అడ్డంపడి వస్తోంది.

"ఏమయ్యోయ్! జావ చల్లారిపోతోంది, ఎక్కడున్నావు?"

అరిచాడు. నోటి నిండా మట్టి.

రోష్ ఆగింది. తన కాళ్ల కిందికి చూసింది. సిలువ గుర్తు వేసుకుని, దిబ్బని చుట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

ఆ చీకట్లో కాహిర్ ఏడ్చాడు.

ఎవడూ లేడన్న ఆ కుప్పలో, ఎడమ పక్కన ఎవరో కాస్త జరిగి, చోటిచ్చారు.