శనివారం అల

తెర మీద పచ్చగీత మళ్లీ వణికింది. అప్పటిదాకా నిటారుగా సాగినది ముందు సన్నగా అదిరి, తర్వాత రంపం పళ్లలా మారింది. రేడియోలో భూమి గొంతు గరగరలాడి తెగిపోయింది. డాక్టర్ వకుళ టైమ్ రాసుకుంది: శనివారం, సాయంత్రం ఏడుంబావు.

భూమికి నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున ఉన్నది శూన్యమని చాలామంది అనుకుంటారు. కాదు. అక్కడ ఎండ దెబ్బకు అణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోయి, విద్యుత్తు నిండిన పలచని వాయువు పరుచుకుని ఉంటుంది. అదే ప్లాస్మా. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో పోయే వకుళ ఉన్న అంతరిక్ష స్టేషన్ దాన్ని, పడవ నీటిని కోసినట్టు, కోసుకుంటూ పోతుంది. చిన్న అలలు మామూలే. పచ్చగీతను రంపం చేసే ఈ అల మాత్రం పుట్టాక తనంతట తానే పెరుగుతుంది. అలా పెరగడాన్నే అస్థిరత అంటారు. దాంతో ఇరవై నిమిషాలు రేడియో పనిచేయదు.

"బుధవారానికల్లా కారణం తేలకపోతే ఇద్దరూ దిగిపోండి," రేడియో తిరిగి పలికాక కంట్రోల్ రూమ్ చెప్పింది. "సూర్యుడి పనే అయ్యుంటుంది. అదే రాసి వచ్చేయండి."

"తెలియనిది తెలిసినట్టు రాయను," అంది వకుళ. ఇక్కడిదాకా రావడానికి ఆమెకు పద్నాలుగేళ్లు పట్టింది.

పాత రికార్డులు ముందేసుకుంది. ఏడు అలలు. ఏడూ శనివారాలే. సూర్యుడికి వారాలు తెలియవు. తెలిసింది మనుషులకే. స్టేషన్లో ఉన్న రెండో మనిషి మెకానిక్ గవర్రాజు, అనకాపల్లి వాడు.

"గవర్రాజు గారూ, శనివారం సాయంత్రం మీరేం చేస్తారు?"

ఆయన చేతిలోని స్పానర్ వదిలేశాడు. అది గాల్లో అక్కడే నిలిచింది.

"ఏటుంటది మేడమ్? దండం పెట్టుకుంటాను, తింటాను, పడుకుంటాను."

"ఏం తింటారు?"

"శనివారం రాత్రి అన్నం ముట్టనండి. మా అమ్మకి మాటిచ్చాను. పలహారమే."

"మన ప్యాకెట్లలో పలహారం లేదే!"

గవర్రాజు మెడ గోక్కున్నాడు. "మీరు నవ్వకూడదు మరి."

ఫిల్టర్ వెనక పలక ఊడదీశాడు. పాత పంపు మోటారుకు బిగించిన గుండ్రటి పాత్ర. తన సొంత సామానులో తెచ్చుకున్న పిండి బరువు లేని చోట తేలిపోకుండా పాత్రను గిర్రున తిప్పితే, పిండి గుంటలకు అంటుకుని ఉడుకుతుంది. ఆవిరి లోపల వదిలితే అలారం మోగుతుందని బయటికి పోయే గొట్టంలో కలిపేశాడు.

"ఇడ్లీలా? మన రేడియోను తెంపుతున్నది ఈ ఆవిరేనన్నమాట!"

"రెండంటే రెండు వాయిలండి. ఆవిరికి అంత బలమేటి మేడమ్?"

"మన వేగంతోనే బయటికొస్తుంది కదా. అక్కడి అయాన్లు దాని ఎలక్ట్రాన్లను లాక్కుంటాయి. అప్పుడు ఆవిరికీ విద్యుత్తు అంటుకుంటుంది. భూమి అయస్కాంతం పట్టుకుని గింగిరాలు తిప్పుతుంది. తిరిగేవి ఎక్కువైతే ఆ ఊపంతా అలలోకి పోతుంది."

"అయితే ఇప్పుడే విప్పి పారేస్తాను."

"పారేస్తే రుజువేది? మంగళవారం పెట్టండి."

కంట్రోల్ రూమ్ ఒప్పుకోలేదు. వకుళ వినలేదు. "రేడియో తెగితే నా మాట నిజం. తెగకపోతే బుధవారం నేనే దిగుతాను," అంది.

మంగళవారం ఏడుంబావుకి పాత్ర తిరిగింది. నాలుగు నిమిషాలు గీత కదల్లేదు. గవర్రాజు కళ్లు మూసుకున్నాడు. రేడియోలో ఎవరో పెద్దాయన, "చెప్పాం కదమ్మా, మీ మొండితనం వల్ల..." అంటుండగానే గీత రంపమైంది. పెద్దాయన గొంతు గరగరలో కలిసిపోయింది.

బుధవారం ఎవరూ దిగలేదు. కొత్త ఆర్డరు వచ్చింది: అలను కొలవడానికి భూమి పగటి వైపున రెండు, చీకటి వైపున ఒకటి, రోజుకు మూడు వాయిల చొప్పున వంద రోజులు ఆవిరి వదలాలి. వండినది పారేయకూడదు. వెనకే వచ్చిన కార్గోలో ఇడ్లీ రవ్వ, మినప్పిండి నిండుగా ఉన్నాయి. వాటికి చోటు కావాలని అన్నం ప్యాకెట్లు ఆపేశారు.

నలభయ్యో రోజు గవర్రాజు చేతులు జోడించాడు.

"మేడమ్, మీకు పుణ్యముంటది. ఒక్క పూట అన్నం తెప్పించండి."

వకుళ గ్రాఫు మీంచి కళ్లు తిప్పలేదు. పచ్చడి లేని ఇడ్లీ ఒకటి నోట్లో కుక్కుకుని, రెండు గుక్కల నీళ్లతో మింగింది.

"ఇంకా నూట ఎనభై వాయిలున్నాయి. మూత బిగించండి."