ఒడ్డున నిలబడ్డవాళ్ళు

హైమవతి గింజలను పెనం మీద వేయించి, కాల్చిన గుల్లసున్నం కలిపి మెత్తగా నూరింది. పొడుం ఏమాత్రం గరుకుగా ఉన్నా ముక్కులోంచి నెత్తురొస్తుంది. అవి గాజుకప్పు కింద పెంచిన చెట్ల గింజలు. బయట, ఈ పరాయి దేశపు నది పొడుగునా, ఆ చెట్లు ఇప్పుడు లేవు.

ఆ ఉదయం వచ్చిన అతిథి, కొడుకును పోగొట్టుకున్న ఒక ముసలి వైద్యుడు. చాప మీద కూర్చున్నాడు. ఈ నది ఒడ్డు తెగకు చెందిన ఇలారియో తాత పొడవాటి బోలుపుల్లలో చిటికెడు పొడుం పోసి, ఒక కొసను అతని ముక్కుకు ఆనించి, రెండో కొస నుంచి గట్టిగా ఊదాడు. దెబ్బ తగిలినట్టు అతని తల వెనక్కి వాలింది. కళ్ళూ ముక్కూ ధారకట్టాయి. రెండో ముక్కుపుటంలోకి కూడా ఊదాక అతను వాంతి చేసుకున్నాడు. తర్వాత భుజాలు మెల్లగా సడలాయి. ఎదుటి ఖాళీ గోడను చూస్తూ ఏదో అన్నాడు.

"ఎంత ఎదిగిపోనావురా!" అని హైమవతికి వినిపించింది. చెవిలో ఉండి మాటలను తర్జుమా చేసే యంత్రానికి, చెవిమాటకు, తెలుగు నేర్పింది ఆమే. అందుకే ఎవరు ఏ భాషలో మాట్లాడినా ఆమె చెవిలో శ్రీకాకుళం యాసే పలుకుతుంది.

వైద్యుడి నుదుటికి కట్టిన యంత్రపు పట్టీ ఆ చూపును పట్టి, అందరి చూపులూ దాచే స్మృతిదొంతరలోకి పంపింది. ఇకపై అతను ఏ ఊళ్ళో ఉన్నా, పొడుం పీల్చకుండానే కొడుకును చూసుకోవచ్చు. ఆమె పనిచేసే ఈ స్మృతికేంద్రం అమ్మేది అదే.

అలా దాచిన చూపుముద్రను శుభ్రం చేయడం హైమవతి పని. ఎవరి ముద్రలోనైనా వెనకాల ఒక నది ఒడ్డు ఉంటుంది. ఒడ్డు మీద తడిసిన ఒళ్ళతో ఆడవాళ్ళు, పిల్లలు నిలబడి ఉంటారు. కేంద్రం వాళ్ళను మడ్డినీడలు అంటుంది. వాళ్ళను చెరిపాకే ముద్ర అతిథి చేతికి అందాలి.

ఈసారి ఆ నీడల మధ్య ఒకతను లుంగీ కట్టుకుని, వణుకుతూ నిలబడ్డాడు. హైమవతి చెయ్యి ఆగిపోయింది.

వరహాలు. ఆమె భర్త. బారువ తీరంలో వేటకెళ్ళి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. అతన్ని ఒక్కసారి చూడాలని ఇంత దూరం వచ్చి, ఈ పొడుమే పీల్చి, చూసింది. ముద్రను ఏ ఊళ్ళోనైనా చూడొచ్చు; అయినా అది దొరికిన చోటు విడిచి వెళ్ళలేక ఇక్కడే కొలువులో చేరింది. రోజూ పని అయ్యాక దాన్ని తెరుస్తుంది: ఇసుక, తెప్ప, తెప్పకు ఆనుకుని నవ్వే వరహాలు.

ఇప్పుడు తెరిచింది. తెప్ప ఉంది. మనిషి లేడు.

ఇలారియో తాత దగ్గరికి పరుగెత్తింది. "తాతా, మా ఆయన మీవోళ్ళ కాడ ఎందుకున్నాడు?"

తాత బోలుపుల్లను తుడిచి పక్కన పెట్టాడు. "పోయినోళ్ళ బొమ్మ మావోళ్ళు ఉంచరమ్మా. పేరు కూడా పలకరు. ఉంచితే ఆళ్ళు ఎల్లనేరు. పొడుం దారి సూపిత్తాది. సూసి, ఏడిసి, ఒగ్గీయాల. మీరు ఒగ్గనేదు. దాసీసినారు."

"ఆ ఒడ్డు మీదోళ్ళు?"

"జొరమొచ్చిన ఏడాది పోయిన మావోళ్ళు. మీ యంతరం ముందు నా నెత్తికే కట్టినారు గదా. నా సూపుతో పాటు ఆళ్ళూ సిక్కుకున్నారు. ఇప్పుడు మీవోళ్ళూ ఆళ్ళ కూడా సేరతన్నారు."

"తెలిసీ ఎందుకూదుతున్నావు మరి?"

"ఊదకపోతే," అన్నాడు తాత, "నానింకా ఉన్నానని ఆళ్ళకి ఎవులు సెప్తారు?"

అప్పుడే కేంద్రం అధికారి మార్సెలో లోపలికి వచ్చాడు. "హైమా, మంచి కబురు. ఈ సాయంత్రం దొంతరంతా ఉపగ్రహం మీదికి ఎక్కించేత్తాం. ఆ తరవాత మరెవులూ సెరపనేరు. ఒక్క ముద్రా పోదు. మీ ఆయనది కూడా."

ఆమె సంతోషిస్తుందనే చెప్పాడు. హైమవతి తలాడించి, శుభ్రశాలలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇన్నాళ్ళూ చెరపడానికి నీడలను మాత్రమే ఎంచుకునేది. ఈసారి దొంతర మొత్తాన్నీ ఎంచుకుంది. తెర అడిగింది: మీ సొంత ముద్రను మినహాయించమంటారా?

ఆమె దాన్ని మరోసారి తెరిచింది. ఖాళీ ఇసుక మీద అలల చప్పుడు. పేరు పెట్టి పిలవాలని నోటిదాకా వచ్చింది. పిలిస్తే తిరిగి చూస్తాడేమో. పెదవులు బిగించి ఆగి, "వద్దు," అంది.

దొంతర ఖాళీ అయింది.

బయట వైద్యుడు నుదుటిపట్టీని తడుముకుంటూ నిలబడ్డాడు. "మా వోడేడమ్మా? ఇప్పుడే గదా సూసినాను."

"ఎల్లిపోనాడు బాబూ," అంది హైమవతి. ఆ ముసలాయన చాప మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె అతని పక్కనే కూర్చుంది. 

మార్సెలో పరుగున వచ్చాడు. "ఏటి సేసినావు? ఎంతమంది నోట్లో మట్టి కొట్టినావో తెలుసా?"

ఆమె జవాబు చెప్పేలోపు గోడ మీది కబురుపెట్టె మోగింది. కొండల మీది మరో కేంద్రం నుంచి, ముద్రలు శుభ్రం చేసే ఇంకొకామె. గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమోనన్నట్టు మాట్లాడుతోంది.

"మీ దొంతర పోనాదంట. మా కాడ కూడా ఆ ఒడ్డు అవుపడతంది. పోయిన మా సెల్లి నిన్న నిలబడింది అక్కడ. ఎలాగ సెరిపినావో సెప్పు."

మార్సెలో పెట్టె కట్టేయబోయాడు. తాత అతని మణికట్టు పట్టుకున్నాడు.

హైమవతి లేచి పెట్టె దగ్గరికి వెళ్ళింది. "ముందు తలుపేసుకోమ్మా," అంది. "నీ సొంతది ఉంచుకుంటావా అని తెర అడుగుతాది. అక్కడ కొంచెం కట్టంగా ఉంటాది."