ల్యువొబ్ అనని అందగత్తె

విద్మంతాస్ కెరూలిస్‌కి గూఢచారి సంస్థ డైరెక్టర్ కుర్చీ ఇచ్చినవాణ్ణి ముందు తన్నాలి. ఎనిమిదో క్లాసుతో బడి మానేశాడని ఏజెంట్ జిగ్మాస్ చేత పదకొండేళ్ళుగా మంచులో కాపలాలు కాయించింది ఈ కెరూలిసే. తీరా అవసరం పడేసరికి, విదేశీ ముఠా నుంచి పారిపోయి వచ్చిన, రహస్య సంకేతాలు రాసే సైఫర్ క్లర్క్ ఎల్వీరాను దాచడానికి జెమైతియా ప్రాంతంలో తెల్షై పట్టణం దగ్గర జిగ్మాస్ ఇల్లే దొరికింది.

ముఠా మనుషుల పేర్లన్నీ ఎల్వీరా తలలో ఉన్నాయి. మధ్యాహ్నానికి ఆమెను ప్రాణాలతో సముద్రతీరం చేర్చాలి. అదీ మిషన్.

అందుకోసం కెరూలిస్ ఒక అందగత్తెను వెంటబెట్టుకొచ్చాడు. పేరు స్కైస్తె. నేవీ బ్లూ కోటు, ఎర్రటి పెదాలు. "ముఠాలో మన డబుల్ ఏజెంట్. పైగా మీ జెమైతియా పల్లె పిల్లే," అన్నాడు గర్వంగా. ఎల్వీరాను అప్పుడే ఆమె కారు వెనకసీట్లో కూర్చోబెట్టేశాడు కూడా.

"అడవి దారిన తీసుకెళ్తా అన్నా," అంది స్కైస్తె, అచ్చం పల్లె యాసలో. "మా నాన్న రోజూ ఆ దారినే ఎయ్‌దవో."

జిగ్మాస్ చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఆగింది.

ఎయ్‌దవో. అంటే వెళ్తుండేవాడు. ఎయ్‌దవౌ, ఎయ్‌దవై, ఎయ్‌దవో అని బడి పుస్తకం ముందేసుకుని వల్లించే రూపం. జెమైతియా ఇళ్ళలో ఆ 'దవ' తోక ఎవరూ తగిలించరు. క్రియ ముందు ల్యువొబ్ పెట్టి 'ల్యువొబ్ ఎయ్తి' అంటారు.

అతను డైరెక్టర్‌ను పక్కకి లాగాడు. "సార్, ఇది మా వైపు పిల్ల కాదు."

"ఏం, మీ వైపు ఇంత అందం పుట్టదనా?"

"క్రియ తప్పింది సార్."

"ఎనిమిదో క్లాసు మొహానివి, నాకు వ్యాకరణం చెప్తావా? నోర్మూసుకుని కారు పంపించు!"

జిగ్మాస్‌కి ఒళ్ళు మండిపోయింది. స్కైస్తె వైపు తిరిగాడు. "ఏమ్మా, సాయంత్రం ఆవులకి మేత వెయ్యడాన్ని మీ ఇంట్లో ఏమంటారు?"

"షెర్తి. ఎందుకన్నా?"

"మా అమ్మ ల్యువొబ్తి అనేది. రోజూ తప్పని పని కదా, ఏ అలవాటు చెప్పాలన్నా అందులోంచే ల్యువొబ్ పుట్టిందనేది. ఆ మాట లేని పశువులపాక ఇక్కడ లేదు. ఎవత్తివే నువ్వు?"

స్కైస్తె లిప్‌స్టిక్ తీసింది. జిగ్మాస్ వేడి కాఫీ ఆమె మొహాన కొట్టాడు. లిప్‌స్టిక్ పేలి, తూటా కెరూలిస్ టోపీని ఎగరగొట్టింది.

"పోతే అందరం పోదాం!" ఆమె కోటు గుండీ నొక్కింది. కారులో టైమర్ కూత మొదలైంది. ముప్ఫై సెకన్లు.

కెరూలిస్ గోడచాటుకు దూరాడు. జిగ్మాస్ కారు తలుపు పీకినంత పనిచేసి ఎల్వీరాను బయటికి లాగాడు. హ్యాండ్‌బ్రేక్ వదిలి, భుజం ఆనించి తోశాడు. ఇంకో రెండు సెకన్లున్నాయనగా కారు వాలులో దొర్లి అతని బంగాళాదుంపల చేలో పడింది.

పేలింది.

బేడీలు పడ్డ స్కైస్తె ఉమ్మేసింది. ఎల్వీరా ముఠా పేర్లు చెప్పడం మొదలుపెట్టింది.

పతకం కెరూలిస్‌కి వచ్చింది. "మాండలికాలంటే నాకు మొదట్నుంచీ ప్రాణం," అన్నాడు టీవీలో. పేలుడుకు సాక్ష్యమన్న పేరిట కంచె వేయించి, పతకం అందుకున్న చేతులతోనే సంతకం పెట్టి జిగ్మాస్ దగ్గర లాక్కున్న చేను మాత్రం 1.27 హెక్టార్లు, తవ్వని దుంపలతో సహా.